కింది నుంచి పైకి చదవాలి: బ్రిటన్ కొత్త పట్టణాల్లో పాత వీధి దీపాన్ని గుర్తుపట్టడం దగ్గర్నుంచి వెలిగించడం దాకా

ఇంగ్లండ్‌లోని స్టీవెనేజ్‌కి వచ్చిన కొత్తల్లో సాయంత్రం నడకకి వెళ్తే నా చూపంతా లైటు స్తంభాల మీదే ఉండేది. మా నాన్న కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేశారు. స్తంభం కనబడితే తలెత్తి చూడటం మా ఇంటిల్లిపాదికీ ఉన్న జబ్బు. ఇక్కడికొచ్చాక అది ముదిరింది. ఒక స్తంభం ఎనిమిది పలకల సిమెంటుది, దాని తల మీదేమో నిన్నగాక మొన్న బిగించిన ఎల్‌ఈడీ. పక్కది సన్నటి ఉక్కు గొట్టం, దాని మీద పసుపుపచ్చబడ్డ ప్లాస్టిక్ గిన్నె. రెండూ ఒకే వీధిలో ఉన్నాయి. వీటిలో ఏది పాతదో ఎలా చెప్పడం?

చాలాకాలం దీపాన్ని చూసి చెప్పబోయి తప్పులు చెప్పాను. తర్వాత తెలిసింది, చదవాల్సింది కింది నుంచి పైకి అని. బల్బు రెండు మూడేళ్ళకోసారి మారుతుంది. దాని తొడుగు ఏ ఇరవై ఏళ్ళకో మారుతుంది. స్తంభం మాత్రం యాభై అరవై ఏళ్ళు అక్కడే పాతుకుని ఉంటుంది. కాబట్టి వీధి పుట్టిన రోజు తెలిసేది పాదం దగ్గరే. ఈ వ్యాసంలో అడుగులన్నీ ఆ వరసలోనే వస్తాయి.

ముందు రెండు మాటలు. దీపం తొడుగుని ఇక్కడ లాంతరు అంటారు. కిరసనాయిలు ఉండదు తప్ప మాట మనదే. సోడియం, మెర్క్యురీ బల్బులకి కరెంటుని అదుపు చేసే చోకు, కెపాసిటర్ వగైరాలన్నిటినీ కలిపి గేర్ అంటారు. ఈ రెండు మాటలూ వ్యాసం పొడుగునా వస్తాయి.

మొదటి అడుగు: పేట వయసు తెలుసుకోండి

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి లండన్‌లో ఇళ్ళు కూలాయి. ఉన్న ఇళ్ళలో జనం కిక్కిరిసి ఉన్నారు. అందుకని 1946లో కొత్త పట్టణాల చట్టం తెచ్చారు. అదే ఏడాది నవంబరు 11న మొదటి కొత్త పట్టణంగా ప్రకటించింది స్టీవెనేజ్‌నే. స్థానికులకి అది బొత్తిగా ఇష్టం లేదు. మంత్రి లూయిస్ సిల్కిన్ మీద కోపంతో రైల్వే స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు తీసేసి 'సిల్కిన్‌గ్రాడ్' అని రాశారు. 1947లో క్రాలీ, హెమెల్ హెంప్‌స్టెడ్, హార్లో, స్కాట్లాండ్‌లో ఈస్ట్ కిల్‌బ్రైడ్ వచ్చాయి. 1949లో బాసిల్డన్, బ్రాక్నెల్, 1950లో కార్బీ, 1955లో కంబర్నాల్డ్. 1960ల్లో ఇంకో వరస, అందులో 1967లో మిల్టన్ కీన్స్.

మనకి కావలసిన సంగతి ఇది. ఈ ఊళ్ళని కట్టింది ప్రభుత్వం ఇందుకోసమే పెట్టిన డెవలప్‌మెంట్ కార్పొరేషన్లు. భూమి తీసుకోవడం, రోడ్డు వేయడం, ఇళ్ళు కట్టడం అన్నీ ఒకే చేతి మీదుగా జరిగాయి. మన ఊళ్ళలో ముందు ఇళ్ళు లేస్తాయి, తర్వాత రోడ్డు, ఆ తర్వాతెప్పుడో ఎన్నికల ముందు లైట్లు వస్తాయి. ఇక్కడ వీధీ దీపమూ కవల పిల్లలు. పేట ఎప్పుడు కట్టారో తెలిస్తే మొదటి స్తంభం వయసు దాదాపు తెలిసినట్టే.

అందువల్ల ఒకటీ అరా స్తంభాలు చూసి ఆగకుండా పేట నుంచి పేటకి నడవండి. దీనికి క్రాలీ బాగుంటుంది. అక్కడ మొదట కట్టిన పేట వెస్ట్ గ్రీన్. అక్కడ మొదలెట్టి నార్త్‌గేట్, లాంగ్లీ గ్రీన్, టిల్గేట్ మీదుగా 1970ల నాటి బ్రాడ్‌ఫీల్డ్, బ్యూబుష్ దాకా నడిస్తే, చెట్టు మానులో వలయాలు చూసినట్టు ముప్ఫై ఏళ్ళ స్తంభాల వరస కనబడుతుంది. స్టీవెనేజ్‌లో అయితే బెడ్‌వెల్ నుంచి పిన్ గ్రీన్‌కి నడవండి. హార్లోలో మార్క్ హాల్ నుంచి మొదలెట్టండి. బ్రిటన్‌లో నివాసానికి కట్టిన మొదటి టవర్ బ్లాక్, 1951 నాటి 'ది లాన్', అక్కడే ఉంది. దానితోపాటు ఆ చుట్టుపక్కల స్తంభాలు కూడా చూడండి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. కొత్త పట్టణం లోపల పాత ఊరు కూడా ఉంటుంది. పాత స్టీవెనేజ్ హై స్ట్రీట్‌లో, ఓల్డ్ హార్లోలో పోత ఇనుము స్తంభం కనబడితే అది కొత్త పట్టణం సొత్తు అనుకోకండి. దాని కథ వేరు.

రెండవ అడుగు: దేనితో చేశారో చూడండి

తొలి తరం కొత్త పట్టణాల్లో ఎటు చూసినా సిమెంటు స్తంభాలే ఉండేవి. కారణం సాదా. యుద్ధం అయిపోయినా ఉక్కు మీద రేషన్ వెంటనే పోలేదు, మధ్యలో కాస్త సడలినా 1953 దాకా ఉంది. సిమెంటు స్తంభానికి కావలసిన ఉక్కు లోపలి ఊచల మట్టుకే. పైగా రంగు వేసే ఖర్చు లేదు.

రెండు సంస్థల పేర్లు గుర్తుంచుకోండి. మొదటిది కాంక్రీట్ యుటిలిటీస్. దీని కార్ఖానా హార్ట్‌ఫర్డ్‌షైర్‌లో వేర్ అనే ఊరి పక్కన గ్రేట్ ఆమ్వెల్‌లో ఉండేది. స్టీవెనేజ్‌కీ హార్లోకీ మధ్యలో ఉన్నట్టే లెక్క. రెండోది డర్బీషైర్‌లోని స్టాంటన్ ఐరన్‌వర్క్స్, గొట్టాల తయారీలో ఆరితేరినది. మూసని గిర్రున తిప్పుతూ లోపల పోసిన పదార్థాన్ని గోడలకి అతుక్కునేలా చేసే పద్ధతి వాళ్ళకి గొట్టాల పని నుంచే తెలుసు. దాన్నే స్తంభాలకి వాడారు.

కంటికి తేడా ఇలా తెలుస్తుంది. తిప్పి చేసిన స్తంభం సాధారణంగా గుండ్రంగా ఉంటుంది, కిందినుంచి పైకి సన్నబడుతుంది. మూసలో పోసి చేసినదానికి పలకలుంటాయి, ఆరో ఎనిమిదో. వేలితో నెమ్మదిగా తడిమితే మూస రెండు సగాలూ కలిసిన చోట నిలువుగా సన్నటి గీత తగులుతుంది. పైన సిమెంటు పాలు వానకి కొట్టుకుపోయి గులకరాళ్ళు బయటపడి ఉంటే, దశాబ్దాల వాన చూసినదన్నమాట.

లోహపు స్తంభం అయితే ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్ళండి. అంటుకుంటే ఉక్కు, అంటుకోకపోతే అల్యూమినియం. రంగు పూత దళసరిగా ఉంటే కంటికి రెండూ ఒకేలా ఉంటాయి, నేను రెండుసార్లు మోసపోయాను. ఉక్కు స్తంభానికి కింద లావు గొట్టం, మీద సన్న గొట్టం, మధ్యలో భుజంలాంటి వంపు ఉంటే అది అచ్చమైన పాతకాలపు తీరు. రేషన్ పోయాక ఉక్కు నెమ్మదిగా సిమెంటుని తోసేసింది.

సిమెంటు స్తంభాలంటే అప్పట్లో అందరికీ నచ్చేవని కాదు. కవి జాన్ బెట్జెమన్ వాటి మీద గట్టిగానే కత్తి దూశాడు. పాత ఊళ్ళ అందాన్ని పాడుచేస్తున్నాయని ఆయన గోల. పాత చర్చి పక్కన అవి నాకూ నచ్చవు. బెడ్‌వెల్‌లో ఎర్ర ఇటుక ఇళ్ళ వరస ముందు మాత్రం అవి తప్ప ఇంకేవీ నప్పవు.

మూడవ అడుగు: ఎత్తు కొలవండి

అన్ని అడుగుల్లోకీ నాకు ఇష్టమైనది ఇదే. పదిమందిలో తొమ్మిదిమంది వదిలేసేదీ ఇదే.

1937లో రవాణా శాఖ కమిటీ వీధి దీపాలని రెండు వర్గాలు చేసింది. వాహనాలు దండిగా తిరిగే రోడ్లు ఎ వర్గం, ఇళ్ళ మధ్య వీధులు బి వర్గం. ఎ వర్గానికి దీపం ఎత్తు 25 అడుగులు, బి వర్గానికి 13 నుంచి 15 అడుగులు. యుద్ధం తర్వాత 1952లో వచ్చిన నియమావళి కూడా ఈ దారినే నడిచింది. 1970 ప్రాంతంలో బ్రిటన్‌లో ఈ కొలతలు మీటర్లలోకి మారాయి. అక్కణ్నుంచి స్తంభాలు 5 మీటర్లు, 6 మీటర్లు, 8 మీటర్లు, 10 మీటర్లు అని రావడం మొదలైంది.

15 అడుగులంటే 4.57 మీటర్లు. దాని తర్వాతి తరంది 5 మీటర్లు. తేడా 43 సెంటీమీటర్లు, అంటే మూరెడు కంటే తక్కువ. ఆ కాస్త తేడాతో స్తంభం అడుగుల కాలానిదో మీటర్ల కాలానిదో తేలిపోతుంది.

కొలిచే పద్ధతి చెప్తాను. స్తంభం నుంచి టేపుతో సరిగ్గా 6 మీటర్లు కొలిచి నిలబడండి. నేల చదునుగా ఉండాలి. స్కూలు పిల్లల కోణమానిని మధ్య రంధ్రానికి దారం కట్టి, దారం చివర ఒక నట్టు వేలాడదీయండి. ఫోన్లో కోణం చూపే యాప్ ఉన్నా సరే. దాని అంచు వెంబడి దీపం మధ్య భాగాన్ని గురి చూసి, సమతలం నుంచి ఎంత కోణం వచ్చిందో రాసుకోండి. ఆ కోణం టాంజెంట్‌ని 6తో హెచ్చవేసి, నేల నుంచి మీ కంటి ఎత్తు కలపండి.

మా వీధి చివరి స్తంభానికి నాకు 27 డిగ్రీలు వచ్చింది. టాంజెంట్ 0.51. ఆరుతో హెచ్చవేస్తే 3.06. నా కంటి ఎత్తు 1.6 కలిపితే 4.66 మీటర్లు. 15 అడుగులకి 9 సెంటీమీటర్లు ఎక్కువ, 5 మీటర్లకి 34 తక్కువ. అంటే అది అడుగుల కాలానిదే. అదే 5 మీటర్ల స్తంభమైతే కోణం ఇరవై తొమ్మిదిన్నర దాటేది. తేడా రెండు మూడు డిగ్రీలే కాబట్టి ఒక్క కొలతతో సరిపెట్టుకోకుండా రెండు వైపుల నుంచీ మూడేసి సార్లు కొలవండి. పెద్ద స్తంభాలకి దూరం పెంచి 10 మీటర్ల నుంచి కొలిస్తే మెడ నొప్పి తగ్గుతుంది.

ఎండ ఉంటే ఇంకా తేలిక. మీటరు కర్ర నిలబెట్టి దాని నీడనీ స్తంభం నీడనీ కొలిచి భాగించడమే. అయితే ఇంగ్లండ్‌లో ఎండని నమ్ముకుని పని పెట్టుకోకూడదు.

నాలుగవ అడుగు: చెయ్యి చూడండి

స్తంభం నుంచి దీపాన్ని పట్టుకుని బయటికి వచ్చే కొమ్మే చెయ్యి. తొలినాటి సిమెంటు స్తంభాలకి అది కూడా సిమెంటే, హంస మెడలా వంపు తిరిగి ఉంటుంది. ఇప్పుడు అలా నిండుగా మిగిలినవి అరుదు. సిమెంటులోకి గాలి తేమ చేరి లోపలి ఊచ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకి పై సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. మన డాబాల కింద స్లాబు పెచ్చులూడటం చూసినవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. సన్నటి చెయ్యిలో ఊచ మీద సిమెంటు పలచన కాబట్టి ముందు పోయేది అదే.

అప్పుడు కౌన్సిల్ (ఇక్కడి స్థానిక సంస్థ) వాళ్ళు చెయ్యిని కోసేసి, స్తంభం తలకి టోపీలా ఉక్కు తొడుగు దిగేసి, దానికి కొత్త చెయ్యి పెట్టేవారు. కాబట్టి సిమెంటు స్తంభం మీద జింకు పూత మెరిసే టోపీ కనబడితే, కింద ఉన్నది అసలుది, పైన ఉన్నది మరమ్మతు అని రాసుకోండి. ఒకే స్తంభానికి రెండు తేదీలు ఉండటం తప్పేం కాదు, రెండూ రాయాలి.

చెయ్యే లేకుండా దీపం నేరుగా తల మీద కూర్చుని ఉంటే అది కాలిబాట దీపం అయి ఉండవచ్చు. కార్ల దారి ఒక పక్క, మనుషుల దారి మరో పక్క ఉండేలా కట్టిన పేటల్లో ఇళ్ళ ముందు రోడ్డే ఉండదు, కాలిబాట ఒక్కటే ఉంటుంది. అక్కడ ఇలాంటి పొట్టి స్తంభాలు ఎక్కువ. స్టీవెనేజ్‌లో ఇంజినీరు ఎరిక్ క్లాక్స్‌టన్ వేయించిన సైకిల్ బాటల వెంబడి నడిచినా, రోడ్డు దీపాలకీ బాట దీపాలకీ ఎంత తేడా పాటించారో తెలుస్తుంది.

ఐదవ అడుగు: లాంతరు

1944లో కౌన్సిల్ ఆఫ్ ఇండస్ట్రియల్ డిజైన్ ఏర్పాటైంది. వీధిలో పెట్టే సామాను కూడా చూడ్డానికి బాగుండాలని పట్టుబట్టినవాళ్ళు వీళ్ళు. 1951లో జరిగిన ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్ అనే జాతీయ ప్రదర్శన తర్వాత ఆ అభిరుచి కొత్త పట్టణాల్లో బాగా కనబడుతుంది. నగిషీలు పోయి సన్నటి గీతలు, శుభ్రమైన వంపులు వచ్చాయి.

లాంతర్లో మొదట గిన్నె చూడండి. గాజుదై, లోపల నిలువు గాడులు ఉంటే పాత తీరు. పర్‌స్పెక్స్ అనే యాక్రిలిక్ గిన్నె, పోత అల్యూమినియం పైకప్పు ఉంటే 1950లు, 60లు అనుకోవచ్చు. పైకప్పు కూడా ఫైబర్‌గ్లాసో ప్లాస్టికో అయితే ఇంకా తర్వాతిది. పొట్టి పెట్టెలా, పారదర్శకమైన గిన్నెతో, 35 వాట్ల సోడియం బల్బుకి చేసిన థోర్న్ బీటా 5 అనే లాంతరు ఇళ్ళ మధ్య వీధుల్లో లెక్కలేనన్ని చోట్ల వెలిగింది. అది కనబడితే సంబరపడి స్తంభం వయసు తేల్చేయకండి. పాత సిమెంటు స్తంభాల మీద కూడా దాన్నే బిగించారు.

తయారీదారు పేరు బలమైన ఆధారం. బీటీహెచ్ అని ఉంటే 1960కి ముందుది అనుకోవచ్చు. ఆ ఏడాది మొదట్లో ఆ పేరు తీసేసి మాతృసంస్థ ఏఈఐ పేరు పెట్టారు. ఏఈఐ దీపాల వ్యాపారం 1964లో థోర్న్‌తో కలిసింది. జీఈసీ, ఫిలిప్స్, టిప్టన్ ఊరి రెవో పేర్లు కూడా తగులుతాయి. పేరు చదవడానికి నిచ్చెన ఎక్కకండి. మామూలు బైనాక్యులర్ చాలు, లేదా ఫోన్ కెమెరాని మేఘం పట్టిన రోజు జూమ్ చేయండి. ఎండలో గిన్నె మెరిసి ఏమీ కనబడదు.

గేర్ ఎక్కడుందన్నది ఇంకో ఆనవాలు. పాత లాంతరు చిన్నదిగా, తేలికగా ఉండి స్తంభం పాదం లావుగా ఉంటే గేర్ కింద ఉన్నట్టు. తర్వాతి రోజుల్లో గేర్ లాంతర్లోకే ఎక్కింది.

ఆరవ అడుగు: వెలుగుని విడగొట్టండి

ఇది చీకటి పడ్డాక చేసే పని. పనికిరాని సీడీ ఒకటి చాలు. దాని మెరిసే వైపుని దూరపు దీపానికి ఏటవాలుగా పట్టి, రంగులు కనబడే దాకా వంచండి.

ఒకే ఒక్క పసుపు మరక కనబడి ఇంకే రంగూ లేకపోతే అది తక్కువ పీడనపు సోడియం. దాని వెలుగు దాదాపు అంతా 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరే ఉంటుంది. ఈ రకం దీపంతో బ్రిటన్‌లో మొదట వెలిగించిన రోడ్డు క్రాయ్‌డన్‌లోని పర్లీ వే, 1932లో. ఆ వెలుగులో ఎర్ర కారు, నీలం కారు, పచ్చ కారు అన్నీ బూడిదరంగు కార్లే. పార్కింగ్‌లో సొంత బండి దొరకదు. కానీ ఒక్క రంగే కాబట్టి వడపోయడం తేలిక, అందుకే ఖగోళ పరిశీలకులకి ఇదంటే ప్రాణం.

పసుపు మధ్యలో నల్ల గీత, దానికి రెండు పక్కలా పరుచుకున్న నారింజ, ఎరుపు, కాస్త పచ్చ కనబడితే ఎక్కువ పీడనపు సోడియం. మన హైవేల మీద, బస్టాండుల్లో దశాబ్దాల పాటు 'సోడియం లైటు' అన్నది దీన్నే. ఊదా, నీలం, పచ్చ, పసుపు విడివిడి గీతలుగా ఉంటే మెర్క్యురీ. 1932లోనే వెంబ్లీలో జీఈసీ పరిశోధనశాల ముందున్న రోడ్డు మీద దాన్ని ప్రయత్నించారు. ఏ గీతలూ లేకుండా రంగులన్నీ ఒకదాన్లోకి ఒకటి జారిపోతూ, నీలం దగ్గర మాత్రం ఉబ్బెత్తుగా ఉంటే ఎల్‌ఈడీ. ఈ రోజుల్లో పదింట తొమ్మిది అదే తగులుతుంది, నిరాశపడకండి.

ఏడవ అడుగు: పాదం దగ్గరి తలుపు

స్తంభం అడుగున చిన్న తలుపు ఉంటుంది. లోపల ఫ్యూజు, పాత రోజుల్లో అయితే గేర్, గడియారపు స్విచ్చి ఉండేవి. వెన్నర్, సాంగమో, బాత్ నగరపు హార్స్ట్‌మన్ చేసిన స్విచ్చిలు అవి. ఋతువుని బట్టి సూర్యాస్తమయం వేళ తనంతట తానే జరుపుకునే పళ్ళచక్రం వాటిలో ఉండేది. పైన బొటనవేలంత కంటిలాంటిది ఉంటే అది చీకటి పడటం పసిగట్టి దీపం వెలిగించే ఫోటోసెల్, గడియారం తర్వాత వచ్చింది.

తలుపు మాత్రం తెరవకండి. వదులుగా వేలాడుతున్నా సరే, లోపల చెయ్యి పెట్టకండి. మీటరు లేకుండా నేరుగా వచ్చే కరెంటు అది. తలుపు ఊడి ఉంటే ఆ స్తంభం నంబరు చూసి కౌన్సిల్‌కి చెప్పండి. తలుపు ఆకారం, తాళం తీరు, పక్కన రేకు ఉంటే దాని మీది అక్షరాలు బయటి నుంచే ఫోటో తీస్తే మన పనికి సరిపోతుంది. రేకు మీద రంగు పూతలు పేరుకుని అక్షరాలు కనబడకపోతే, పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దండి. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద రుద్దేవాళ్ళం చూడండి, అలాగే.

ఎనిమిదవ అడుగు: కాగితాలతో సరిచూడండి

ఇప్పటికి మీ దగ్గర ఒక ఊహ ఉంటుంది. దాన్ని కాగితంతో తూచాలి.

మొదట పాత స్ట్రీట్ వ్యూ చూడండి. బ్రిటన్‌లో అది 2009 నుంచి ఉంది, పాత తేదీలకి వెనక్కి వెళ్ళే వీలుంది. ఎల్‌ఈడీలు రాకముందు ఆ స్తంభం మీద ఏముండేదో చాలాచోట్ల అక్కడే తేలిపోతుంది. జియోగ్రాఫ్ అనే ఫోటోల వెబ్‌సైటులో చదరపు కిలోమీటరు చొప్పున దేశమంతా ఫోటోలున్నాయి. ఎవరో చర్చిని తీసిన ఫోటోలో అంచున మీ స్తంభం నిలబడి ఉంటుంది.

తర్వాత సమాచార హక్కు. మన ఆర్‌టీఐ లాంటిదే ఇక్కడా 2000 నాటి చట్టం ఉంది, 20 పనిదినాల్లో జవాబివ్వాలి. రోడ్ల మీది దీపాలు సాధారణంగా కౌంటీ కౌన్సిల్ చేతిలో ఉంటాయి. స్టీవెనేజ్‌కి హార్ట్‌ఫర్డ్‌షైర్, హార్లోకి ఎసెక్స్, క్రాలీకి వెస్ట్ ససెక్స్. 'మీ దగ్గరున్న పాత దీపాల సమాచారమంతా పంపండి' అని అడిగితే ఖర్చు ఎక్కువని తిప్పి పంపుతారు. వీధి పేరు, స్తంభం నంబర్లు రాసి, వాటి పదార్థం, ఎత్తు, నిలబెట్టిన ఏడాది, లాంతరు రకం పట్టికలో ఉన్నంత మేరకు ఇవ్వమని అడగండి. ఒక మాట, పట్టికలో 'నిలబెట్టిన ఏడాది' కింద చాలా స్తంభాలకి ఒకే ఏడాది ఉంటే నమ్మకండి. ఎవరో గుమాస్తా కంప్యూటర్లోకి ఎక్కించిన ఏడాది అయి ఉండవచ్చు.

ఇక లోతుగా వెళ్ళాలంటే డెవలప్‌మెంట్ కార్పొరేషన్ల ఫైళ్ళు. స్టీవెనేజ్, హార్లో కార్పొరేషన్లు 1980లో మూతపడ్డాయి. ఇలాంటి కాగితాలకి కౌంటీ రికార్డు ఆఫీసుల్లో అడగాలి. కేంద్ర ప్రభుత్వం వైపు ఫైళ్ళు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో హెచ్‌ఎల్‌జీ (గృహనిర్మాణ, స్థానిక పాలన శాఖ) అనే అక్షరాల కింద ఉంటాయి. జాబితాలో 'వీధి దీపాలు' అని దొరక్కపోతే 'రోడ్లు, మురుగు కాలువలు' అన్న ఫైలు తెరవండి. దీపాలు కాలువలతోపాటే టెండరుకి వెళ్ళేవి.

చివరికి ఒక్కో స్తంభానికి ఒక కార్డు రాయండి. వీధి, నంబరు, పదార్థం, పలకలు, ఎత్తు, చెయ్యి, లాంతరు, వెలుగు, చూసిన తేదీ. నాలుగు ఫోటోలు చాలు: పాదం, తల, నిలువెత్తు, వీధిలో దాని చోటు. నిలువెత్తు ఫోటోలో పక్కన మనిషి ఉంటే మంచిది. నా కార్డులన్నిటిలో మా అమ్మాయే. ఐదో ఏట స్తంభం తలుపు ఎత్తుకి ఉండేది, ఇప్పుడు నా భుజం దాటింది.

తొమ్మిదవ అడుగు: ఇంటికి తెచ్చుకుని వెలిగించాలనుకుంటే

నిలబడి ఉన్న స్తంభం నుంచి ఏదీ తీయకూడదు, అది దొంగతనం. లాంతర్లు మార్చే కాంట్రాక్టర్లని మర్యాదగా అడిగితే ఒక్కోసారి ఇస్తారు, లేదా పాత సామాను అమ్మేవాళ్ళ దగ్గర కొనుక్కోవాలి.

నేను మొదట కొన్న లాంతరు ఫోటోలో బ్రహ్మాండంగా ఉంది. ఇంటికొచ్చాక పైకప్పు విప్పితే కెపాసిటర్ ఉబ్బి, కింద జిగటగా నూనె కారి ఉంది. హోల్డరు నుంచి వచ్చే తీగల మీద తెల్లటి ఊలులాంటి తొడుగు. ఆ నూనె పీసీబీ (పాత కెపాసిటర్లలో పోసిన విషపు రసాయనం) కావచ్చు, ఆ ఊలు ఆస్బెస్టాస్ కావచ్చు. రెండూ ఊపిరికీ ఒంటికీ చేటే. మూత పెట్టి, రెండు సంచుల్లో కట్టి, కౌన్సిల్ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ముందే ఫోన్ చేసి అప్పగించాను. డబ్బు పోతే పోయింది. 1986కి ముందు కెపాసిటర్ ఏదైనా సరే పీసీబీ ఉందనే అనుకోండి. అలాంటిదాన్ని శుభ్రం చేసి వాడదామనే ఆలోచనే వద్దు, కొత్త కెపాసిటర్ వేయించాలి.

లాంతరు బాగుంటే యాక్రిలిక్ గిన్నెని గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బుతో, మెత్తటి గుడ్డతో కడగండి. పీచు పెడితే గీతలు పడతాయి, స్పిరిట్ పెడితే పగుళ్ళు పడతాయి. పసుపుపచ్చబడ్డది తెల్లబడదు, ఒప్పుకోండి. అల్యూమినియం పైకప్పుకి నాచు వదిలితే చాలు, మెరిసేలా పాలిష్ పెడితే వీధి దీపం కాస్తా పెళ్ళి పందిరి సామానులా తయారవుతుంది.

బల్బు సంగతి జాగ్రత్త. 1960ల నుంచి వచ్చిన తక్కువ పీడనపు సోడియం బల్బుని ఎస్‌ఓఎక్స్ అంటారు, పలకడం 'సాక్స్' అని. 35 వాట్లది 31 సెంటీమీటర్ల పొడుగుంటుంది, 180 వాట్లది 112. లోపల యు ఆకారపు గొట్టం మీద చిన్న చిన్న గుంటలుంటాయి. దీపం చల్లగా ఉన్నప్పుడు ఆ గుంటల్లో సోడియం వెండి చుక్కల్లా కూర్చుని ఉంటుంది. వెలగాలంటే ఆ గొట్టం 260 డిగ్రీల దాకా వేడెక్కాలి. అందుకే బయటి గాజుకి లోపలివైపు వేడిని తిప్పికొట్టే పల్చటి పూత ఉంటుంది. రవాణాలో బల్బుని అడ్డంగానే ఉంచాలి, నిలబెడితే సోడియం ఒక కొనకి జారుతుంది. పగిలితే తడి తగలనివ్వకూడదు. సోడియానికి నీళ్ళు తగిలితే మంట లేస్తుంది.

దాని కొన చూస్తే మనింట్లో రెండు పిన్నుల బల్బులా కనబడుతుంది. మామూలు హోల్డర్లో పెట్టకండి. గేర్ లేకుండా అది పనిచేయదు, ఆ గేర్ మొదట ఇచ్చే వోల్టేజీ 400 పైనే. మెర్క్యురీ 80, 125 వాట్ల పాత బల్బులకి మూడు పిన్నులు పెట్టింది ఈ గొడవ రాకూడదనే. మెర్క్యురీ బల్బు బయటి గాజు పగిలినా లోపలిది వెలుగుతూనే ఉంటుంది, ఆ వెలుగు కళ్ళని కాలుస్తుంది. వెంటనే ఆపేయండి.

వైరింగు అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. లోహపు భాగాలన్నిటికీ ఎర్త్ ఉండాలి. ఇక్కడి పాత గేర్ 240 వోల్టులు, 50 హెర్ట్జ్ కోసం చేసింది, మన దగ్గరి 230 వోల్టులు, 50 హెర్ట్జ్ మీద కూడా నడుస్తుంది. విజయవాడలో డాబా మీద వెలిగించుకోవాలనుకునేవాళ్ళకి ఆ బెంగ అక్కర్లేదు. అమెరికాలో ఉన్నవాళ్ళకి మాత్రం 60 హెర్ట్జ్ వల్ల కుదరదు.

స్విచ్చి వేయగానే పసుపు వస్తుందని చూడకండి. మొదట గొట్టంలోని నియాన్ వాయువు వల్ల కుంకుమ కలిపినట్టు ఎర్ర గులాబీ రంగు. రెండు మూడు నిమిషాలకి నారింజ. పది నిమిషాలు దాటాక గొట్టం పొడుగునా నిండు పసుపు. ఈ రకం బల్బులు ఇప్పుడు కొత్తవి తయారవడం లేదు, ఉన్నవాటితోనే నెట్టుకు రావాలి. నా దగ్గర 35 వాట్లవి నాలుగు మిగిలాయి. ఎన్ని గంటలు వెలిగిందో పుస్తకంలో రాసుకుంటూ నెలకోసారి గరాజులో వెలిగిస్తాను, దీపావళికి ఇంకోసారి. ఆ రాత్రి మాత్రం గరాజు తలుపు తీసే ఉంచుతాను. ఎదురింటి పెద్దాయన కుర్చీ తెచ్చుకుని కూర్చుంటాడు.